ఒకే నాబ్... ఐదు సాఫ్ట్‌వేర్లు

ఇంటి దగ్గరే క్యాడ్ (కంప్యూటర్లో వస్తువుల డిజైన్ గీయడం) నేర్చుకోవాలనుకునేవాళ్లు దేన్ని చూసి ఎంచుకోవాలి?

పాత ఫ్యాన్ రెగ్యులేటర్ నాబ్ విరిగిందనుకోండి. షాపులో నాబ్ ఒక్కటే అడిగితే చాలాసార్లు దొరకదు, రెగ్యులేటరే మార్చమంటారు. త్రీడీ ప్రింటర్ అందుబాటులో ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. ఆ నాబ్‌ను తామే గీసి ప్రింట్ తీసుకోవచ్చు. అంత చిన్న వస్తువును ప్రింట్ చేయడం పెద్ద పనేం కాదు. దేంట్లో గీయాలన్న దగ్గరే చాలామంది ఆగిపోతారు.

అమీర్‌పేటలో ఆటోక్యాడో సాలిడ్‌వర్క్సో నేర్చుకునే కుర్రాళ్లకు ఈ ప్రశ్న రాదు. కంపెనీలు ఏది అడిగితే అదే కోర్సు. ఇష్టం కొద్దీ నేర్చుకునేవాళ్లకు మాత్రం సిలబస్ ఉండదు. దేంట్లో ఎన్ని టూల్స్ ఉన్నాయో లెక్కపెడుతూ కూర్చుంటే నెలలు గడిచిపోతాయి. నా దృష్టిలో అడగాల్సినవి రెండే. గీసిన తర్వాత ఒక కొలత మార్చాల్సి వస్తే ఏమవుతుంది? ఆ ఫైలు ఎవరి చేతిలో ఉంటుంది?

6 మిల్లీమీటర్ల పరీక్ష

నాబ్ తొడిగే ఇరుసును వెర్నియర్‌తో కొలిస్తే చాలావాటికి 6 మిల్లీమీటర్ల వ్యాసం ఉంటుంది. ఒక పక్క చదునుగా కోసేసి ఉంటుంది కాబట్టి ఆ దిక్కున 4.5 మిల్లీమీటర్లే వస్తుంది. నాబ్‌లో సరిగ్గా ఇదే కొలతకు రంధ్రం గీసి ప్రింట్ తీస్తే ఇరుసు దూరదు. కరిగిన ప్లాస్టిక్‌ను పొరలుగా పోసే ప్రింటర్లలో రంధ్రాలు కాస్త బిగుతుగానే వస్తాయి. చుట్టూ 0.1 క్లియరెన్స్ వదలాలి, అంటే వ్యాసం 6.2 కావాలి. ఈ చిన్న సవరణ దగ్గరే ఒక్కో సాఫ్ట్‌వేర్ స్వభావం బయటపడుతుంది.

టింకర్‌క్యాడ్ 2011లో వచ్చింది, 2013లో ఆటోడెస్క్ చేతికి వెళ్లింది. బ్రౌజర్లోనే నడుస్తుంది. స్తంభం ఒకటి పెట్టి, అందులోకి ‘హోల్’ ఆకారాన్ని దించి గ్రూప్ చేస్తే రంధ్రం సిద్ధం. ఎనిమిదేళ్ల పిల్లలు కూడా ఒక పూటలో పట్టేస్తారు. కానీ 6ను 6.2 చేయాలంటే గ్రూపు విప్పాలి, ‘హోల్’ కొలత మార్చాలి, చదును ముక్కను మళ్లీ చేత్తో జరపాలి. ఏ కొలత దేనిమీద ఆధారపడిందో దానికి తెలియదు. మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచిది లేదు, అయితే అక్కడే ఉండిపోకూడదు.

ఓపెన్‌స్కాడ్‌లో మౌసుతో గీసే పనే లేదు. ‘ఈ స్తంభంలోంచి ఆ స్తంభాన్ని తీసెయ్’ అని ప్రోగ్రామ్ రాయాలి. క్లియరెన్స్ విలువను పైన ఒక్క లైన్లో రాసుకుంటే ఆ అంకె మార్చగానే బొమ్మంతా మారుతుంది. కోడింగ్ అలవాటున్నవాళ్లకు ఇది చాలా సుఖం. అంచులు నున్నగా గుండ్రం చేయడం మాత్రం ఇందులో శ్రమే.

ఫ్యూజన్, ఆన్‌షేప్, ఫ్రీక్యాడ్ మూడూ ఒకే తరహావి. అసలు విద్యంతా వీటిలోనే ఉంది. ముందు కాగితంమీద గీసినట్టు స్కెచ్ గీస్తాం. వృత్తం, దాన్ని కోస్తూ ఒక గీత. అప్పటికి ఆ గీతను పట్టుకు లాగితే ఎటంటే అటు జరుగుతుంది. వృత్త కేంద్రం మూలబిందువు మీదే ఉండాలి, గీత అడ్డంగా ఉండాలి, వ్యాసం 6, కేంద్రం నుంచి గీతకు 1.5 అని ఒక్కొక్క నిబంధన పెడుతూ పోతే స్కెచ్ బిగుసుకుంటుంది. కదలడానికి ఇక వీల్లేనప్పుడు ఫ్యూజన్‌లో నీలం గీతలు నల్లబడతాయి, ఫ్రీక్యాడ్‌లో ఆకుపచ్చగా మారతాయి. ఆ రంగు మారేదాకా ఓపిక పట్టడం అలవాటైతే సగం క్యాడ్ వచ్చినట్టే. 1963లో ఇవాన్ సదర్లాండ్ ఎంఐటీలో చేసిన స్కెచ్‌ప్యాడ్‌లోనే ఈ నిబంధనల ఆలోచన ఉంది. లైట్ పెన్నుతో తెరమీద గీతలు గీసి, ఇవి సమాంతరంగా ఉండాలని చెబితే కంప్యూటర్ సర్దేది. అరవై ఏళ్ల కిందటి ఆ అద్భుతం ఇప్పుడు మన పాత ల్యాప్‌టాప్‌లోకి ఉచితంగా వచ్చింది.

ఇక క్లియరెన్స్‌కు ఒక పేరు పెట్టి వ్యాసాన్నీ 1.5నూ దానికి ముడివేస్తే, ఒక్క అంకె మార్చగానే రంధ్రం 6.2కూ, చదును దూరం 1.6కూ వాటంతటవే వెళ్తాయి.

ఫైలు ఎవరిది?

ఈ మూడింటికీ అసలు తేడా ఇక్కడే. ఫ్యూజన్ చేతికి హాయిగా ఉంటుంది. సొంత అవసరాలకు ఉచితమే. కానీ 2020లో ఆ ఉచిత లైసెన్సుకు ఆటోడెస్క్ కోతలు పెట్టింది. ఒకేసారి పది డాక్యుమెంట్లనే దిద్దగలిగే స్థితిలో ఉంచుకోవచ్చు, మిగతావి పక్కన పెట్టాలి. ఆన్‌షేప్‌ను మొదలుపెట్టిన బృందంలో సాలిడ్‌వర్క్స్ స్థాపించిన జాన్ హిర్ష్‌టిక్ ఉన్నారు. బ్రౌజర్లో చక్కగా పనిచేస్తుంది, కంప్యూటర్ పాతదైనా ఇబ్బంది లేదు. కాకపోతే ఉచిత ఖాతాలో గీసిందల్లా అందరికీ కనిపిస్తుంది. రెగ్యులేటర్ నాబ్‌కు దాపరికమేం అక్కర్లేదు గానీ, మీ సొంత ఆలోచనతో చేసిన వస్తువైతే ముందే ఆలోచించుకోండి.

ఫ్రీక్యాడ్ ఓపెన్ సోర్స్. ఫైలు మన డిస్కులోనే ఉంటుంది, నెట్ లేకున్నా తెరుచుకుంటుంది. దీనికి చాలాకాలం ఒక చెడ్డపేరు ఉండేది. నాబ్ పై అంచును గుండ్రం చేశాక వెనక్కి వెళ్లి స్కెచ్‌లో ఒక గాడి చేర్చితే, ఆ గుండ్రం ఇంకో అంచుకు పోయేది, లేదా ఎర్ర గుర్తు పడి ఆగిపోయేది. అంచులకు లోపల వరుస నంబర్లు ఉంటాయి. గాడి రాగానే ఆ నంబర్లు తారుమారయ్యేవి. రెండు దశాబ్దాలకు పైగా సాగిన కృషి తర్వాత 2024 నవంబరులో వచ్చిన 1.0 వెర్షన్‌లో ఈ చిక్కు చాలావరకు తగ్గింది. మెనూలు ఇప్పటికీ గజిబిజే, మొదట్లో విసుగు వస్తుంది. అయినా ఈ విద్యను పదేళ్లు తోడుంచుకోవాలనుకునేవాళ్లకు నేను ఫ్రీక్యాడ్‌నే చెబుతాను. మన శ్రమకు ఇంకొకరి లైసెన్సు షరతులు అడ్డురావు.

ఏది వాడినా ఒక జాగ్రత్త తప్పదు. ప్రింటర్ కోసం తీసే ఎస్‌టీఎల్ ఫైల్లో త్రికోణాలే ఉంటాయి. అందులో 6 అనే కొలత ఉండదు, మిల్లీమీటర్లా అంగుళాలా అన్నది కూడా ఉండదు. అందుకే అసలు ఫైలును దాచుకోండి. ఫ్యూజన్, ఆన్‌షేప్, ఫ్రీక్యాడ్‌లలోనైతే దాంతోపాటు స్టెప్ ఫార్మాట్‌లో ఒక కాపీ దాచుకుంటే రేపు వేరే సాఫ్ట్‌వేర్‌కు మారినా ఆకారం పోదు.

సొంత ప్రింటర్ లేకపోతే ఆగక్కర్లేదు, డబ్బు తీసుకుని ప్రింట్ చేసిచ్చేవాళ్లు నగరాల్లో ఉన్నారు. హైదరాబాద్ రాయదుర్గంలో 2023 మార్చిలో తెరిచిన టీ-వర్క్స్ నమూనాల తయారీ కోసమే పెట్టిన కేంద్రం.

నాబ్ కుదిరాక రెండో పనిగా మూత ఉన్న డబ్బా గీయండి. డబ్బా వెడల్పు మారిస్తే మూత కూడా మారాలి, మధ్యలో క్లియరెన్స్ మాత్రం అలాగే ఉండాలి. ఒక ముక్క కొలతను రెండో ముక్కకు ముడివేయడం అక్కడే వస్తుంది.