సైడు డోరు తీస్తే చల్లబడుతుందా?

"సార్, సైడు డోరు ఊడదీసి పక్కన టేబుల్ ఫ్యాను పెడితే సరిపోదా?" మార్చి ఎండల్లో మా కంప్యూటర్ ల్యాబులో ఓ పిల్లవాడు అడిగాడు. వాడి తప్పేం లేదు. సగం డబ్బాలు అప్పటికే తలుపుల్లేకుండా నడుస్తున్నాయి. మనం సీపీయూ అని పిలిచే ఆ డబ్బాలో అసలు సీపీయూ అగ్గిపెట్టెంత కూడా ఉండదు. డబ్బాకున్న అసలు పని గాలికి దారి చూపించడం.

బదులు చెప్పకుండా అగరబత్తి వెలిగించి వాడి చేతికిచ్చాను. తలుపు బిగించి ఉన్న ఒక డబ్బా చుట్టూ నెమ్మదిగా తిప్పమన్నాను. ముందువైపు పొగ నిట్టనిలువుగా లేచింది. అక్కడున్నది నున్నటి ప్లాస్టిక్కే. వెనక ఖాళీ స్లాట్ల సందుల దగ్గరికి రాగానే చటుక్కున లోపలికి వంగింది. సీడీ డ్రైవు దగ్గరా అంతే. దాని అంచు చుట్టూ కాటుక గీసినట్టు నల్లటి గీత. ఏళ్ల తరబడి డబ్బా ఆ సందులోంచే ఊపిరి పీల్చిందన్నమాట. వెనక ఫ్యానూ, పవర్ సప్లై ఫ్యానూ రెండూ గాలిని బయటికి తోసేవే. లోపలికి తెచ్చేది ఒక్కటీ లేదు. దాంతో లోపల ఒత్తిడి తగ్గి, ఏ సందు దొరికితే ఆ సందులోంచి గాలి దూరుతుంది, దుమ్ముతో సహా.

ఎంత గాలి కావాలో బోర్డు మీద లెక్కేశాం. ఒక ఘనమీటరు గాలి ఒక్క డిగ్రీ వేడెక్కడానికి సుమారు 1200 జౌళ్లు పడుతుంది. గ్రాఫిక్స్ కార్డున్న మెషిను గట్టిగా పనిచేసేటప్పుడు 300 వాట్లు తింటుందనుకుందాం. బయటికొచ్చే గాలి గదికన్నా 10 డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే సెకనుకు 25 లీటర్ల గాలి దాటిపోవాలి. అంటే ఇంటికొచ్చే మంచినీళ్ల క్యాను కన్నా ఎక్కువ, ప్రతి సెకనూ! సీడీ డ్రైవు సందుకు అది తరమా?

"వేడి గాలి దానంతటదే పైకి పోతుంది కద సార్?"

నాకెంతో ఇష్టమైన ప్రశ్న ఇది. పోతుంది, కానీ ఎంత బలంతో? 10 డిగ్రీలు వేడెక్కిన గాలి దాదాపు 3 శాతం తేలికవుతుంది. 45 సెంటీమీటర్ల ఎత్తు డబ్బాలో దానివల్ల పుట్టే ఒత్తిడి ఒక పాస్కల్‌లో ఐదో వంతు కూడా ఉండదు. మామూలు 120 మిల్లీమీటర్ల ఫ్యానుకు 10 పాస్కళ్లకు పైగా తోసే శక్తి ఉంటుంది. ఫ్యాను కిందికి తోస్తే వేడి గాలి కిందికే పోతుంది. ఆ తేలికదనం అక్కరకొచ్చేది ఫ్యాను లేనప్పుడే. 2000లో ఆపిల్ జీ4 క్యూబ్ అనే కంప్యూటర్‌ను అలాగే చేసింది. నడిమధ్య పొగగొట్టంలాంటి ఖాళీ ఉంచి, గాలిని కిందినుంచి పైకి దానంతటదే పోనిచ్చింది. అందమైన పెట్టె. ఏడాదికే దాని తయారీ ఆగిపోయింది.

1995లో ఇంటెల్, డబ్బాలో ఏది ఎక్కడుండాలో చెప్పే ఏటీఎక్స్ పద్ధతిని తెచ్చినప్పుడు, పవర్ సప్లై ఫ్యాను గాలిని లోపలికి, ప్రాసెసర్ మీదికి ఊదాలనుకుంది. పవర్ సప్లైలో అప్పటికే వేడెక్కిన గాలి అది! ఆ ఆలోచన నిలవలేదు. ప్రాసెసర్ మాత్రం వెనక పైమూలనే ఉండిపోయింది. ముందునుంచి వచ్చే గాలి డ్రైవులూ వైర్లూ దాటుకుని అక్కడికి చేరాలి. పెంటియం 4 చిప్పులు 100 వాట్లు దాటేసరికి ఇంటెల్ తన పద్ధతి మీద తనే పోటీకి దిగి, 2004లో బీటీఎక్స్ తెచ్చింది. ప్రాసెసర్‌ను ముందుకు జరిపి, దాని ఎదుట గొట్టంలో పెద్ద ఫ్యాను పెట్టింది. కాలువ నీళ్లు మడి తర్వాత మడి తడిపినట్టు గాలి ముందు ప్రాసెసర్‌ను, తర్వాత చిప్‌సెట్‌ను తాకి, గ్రాఫిక్స్ కార్డు పక్కనుంచి తిన్నగా వెనక్కి పోతుంది. డబ్బాల చరిత్రలో ఇంత తీరైన గాలి దారి నాకు ఇంకోటి కనబడలేదు. కానీ 2006లో ఇంటెల్‌దే కోర్ 2 డుయో 65 వాట్లతో వచ్చింది. ఆ ఏడే బీటీఎక్స్‌కు సెలవిచ్చేశారు. తర్వాత 2008లో సిల్వర్‌స్టోన్ కంపెనీ తన రావెన్ డబ్బాలో మదర్‌బోర్డునే 90 డిగ్రీలు తిప్పి, అడుగున 180 మిల్లీమీటర్ల ఫ్యాన్లు పెట్టింది. వేడి పైకి పోతుంది కాబట్టే అది చల్లగా ఉందన్నారు. మా బోర్డు మీది లెక్క ప్రకారం, ఆ ఘనత తిన్నని దారిది, పెద్ద ఫ్యాన్లది.

పిల్లవాడి ప్రశ్నకొస్తే, ముక్కు మూసుకున్న డబ్బాకు తలుపు తీస్తే నిజంగానే చల్లబడుతుంది, దుమ్ము కూడా పడుతుంది. మేం ముందు ప్లాస్టిక్కును కోసి, ఒక ఫ్యాను లోపలికి ఊదేలా బిగించి, దాని ముందు దోమతెర ముక్క కట్టాం. ఆ ఒక్క ఫ్యాను సరిపోలేదు. రెండోది బిగించాక వాడు మళ్లీ అగరబత్తి పట్టుకుని వెనక సందుల దగ్గరికెళ్లాడు. ఈసారి పొగ బయటికి వంగింది. లోపల ఒత్తిడి పెరిగింది కాబట్టి దుమ్ముకు ఇక మిగిలిన దారి దోమతెరే.

కొత్త డబ్బా కొనేటప్పుడు లైట్లు తర్వాత చూడండి. ముందు జాలీ ఉందా, దాని వెనక రెండు ఫ్యాన్లకు చోటుందా, దుమ్ము జల్లెడ చేత్తో ఊడొస్తుందా చూడండి. ముఖమంతా అద్దంతో మూసేసిన డబ్బాను ఎంత తక్కువకిచ్చినా తీసుకోకండి.