మనమెరుగని ఒమాన్

"బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి" - మన కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలలో ఈ మాట వినని వారుండరు. బతుకుదెరువు కోసం ఊరు విడిచే తెలంగాణ మనిషికి ఉన్న మూడు దారులను ఈ మూడు పేర్లు సూచిస్తాయి. మూడవ దారిలో దుబాయితో పాటు మస్కట్ కూడా ఉన్నది. "మా తమ్ముడు మస్కట్ పోయిండు" అంటారే తప్ప, మస్కట్ ఒక రాజధాని మాత్రమేననీ, ఆ దేశం పేరు ఒమాన్ అనీ చాలామంది గుర్తించరు.

ఆ దేశాన్ని గురించి మన ఇళ్ళలో సాధారణంగా నాలుగు విషయాలే మాట్లాడుకుంటారు: వీసా, జీతం, ఎండ, ఇసుక. ఏళ్ళ తరబడి అక్కడ పని చేసి వచ్చినవారు కూడా చెప్పేవి ఇంతకు మించి ఉండవు. అది వారి తప్పు కాదు. క్యాంపు నుండి పనికి, పని నుండి క్యాంపుకు తిరిగే మనిషికి దేశాన్ని చూసే తీరిక ఎక్కడిది? కాని భూమిపై సంచరించి, గతించిన జాతుల వృత్తాంతాలను పరిశీలించమని దివ్య ఖుర్ఆన్ మనకు పదేపదే బోధిస్తున్నది. మన బిడ్డలు చెమటోడ్చే నేలను గురించి తెలుసుకోవటం ఆ బోధనలో భాగమే.

ఒమాన్ వైశాల్యం సుమారు 3 లక్షల 9 వేల చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణ రాష్ట్రం సుమారు 1 లక్షా 12 వేల చదరపు కిలోమీటర్లు. అంటే మన రాష్ట్రానికి రెండున్నర రెట్ల కన్నా పెద్ద దేశం. అయినా అక్కడ మన మంజీరా వంటి నది ఒక్కటీ లేదు. మరి వేల ఏళ్ళుగా అక్కడి ప్రజలు ఎలా బతికారు? ఈ ప్రశ్నకు జవాబు వెదికితే మన ఊరికి పనికివచ్చే సంగతులు దొరుకుతాయి.

యుద్ధం లేకుండా వచ్చిన ఇస్లాం

ఒమాన్ కు ఇస్లాం ఒక లేఖ ద్వారా వచ్చింది. దైవప్రవక్త ముహమ్మద్ (స) హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) చేతికి లేఖ ఇచ్చి అక్కడి పాలకులైన జైఫర్, అబ్ద్ అనే సోదరుల వద్దకు పంపారు. వీరు జులందా కుమారులు. కొంత తర్జనభర్జన తరువాత ఇద్దరూ ఇస్లాం స్వీకరించారు. కత్తి దూయవలసిన అవసరం రాలేదు. హజ్రత్ అమ్ర్ (రజి) అక్కడే ఉండి, ధనికుల నుండి జకాత్ వసూలు చేసి అక్కడి పేదలకే పంచారని చరిత్రకారులు వ్రాశారు. ఒమాన్ ప్రజల మృదుస్వభావాన్ని దైవప్రవక్త (స) ప్రశంసించినట్లు సహీహ్ ముస్లిం గ్రంథంలో ఉల్లేఖనం ఉన్నది.

మన హనఫీ మస్జిదులకు అలవాటుపడిన వ్యక్తి మొదటిసారి అక్కడి మస్జిదులో నిలబడినప్పుడు తెల్లబోతాడు. పక్కనున్న ఒమానీ చేతులు కట్టుకోకుండా, కిందికి వదిలి నమాజు చేస్తుంటాడు. వారిలో చాలామంది ఇబాదీ మస్లక్ ను అనుసరించేవారు. నిజ్వా పట్టణం దగ్గరి ఫిర్ఖ్ గ్రామంలో పుట్టి, హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వద్ద విద్యనార్జించిన తాబయీ జాబిర్ బిన్ జైద్ ను వారు తమ మూలపురుషునిగా భావిస్తారు. వంశాన్ని బట్టి కాక విద్యను, దైవభీతిని బట్టి ఇమాము ఎన్నుకోబడాలన్నది వారి ప్రాచీన సిద్ధాంతం. ఇబాదీలు, సున్నీలు ఒకే ఇమాము వెనుక ఒకే పంక్తిలో నిలబడటం అక్కడ నిత్యం కనిపించే దృశ్యం. చిన్న చిన్న ఫిఖ్హ్ భేదాలపై మస్జిదులు వేరు చేసుకునే మనకు ఇది ఆలోచించదగిన విషయం.

నీటికి నక్షత్రాల లెక్క

ఒమాన్ అద్భుతాలలో మొదట చెప్పదగినది 'ఫలజ్'. అనువదించేటప్పుడు దీనిని 'కాలువ' అని వ్రాస్తే సరిపోదు. ఈ పదానికి మూలార్థం 'వాటాలుగా పంచటం'. కొండల అడుగున ఉన్న ఊటను పట్టుకొని, కిలోమీటర్ల దూరం భూమిలో సొరంగం తవ్వి, మోటారు లేకుండా వాలును బట్టి ఊరికి నీరు తెచ్చే ఏర్పాటు ఇది. సొరంగ మార్గాన వచ్చే వాటిని 'దావూదీ' ఫలజ్ లంటారు. హజ్రత్ సులైమాన్ బిన్ దావూద్ (అ) ఆజ్ఞపై జిన్నాతులు వీటిని తవ్వారని జానపదుల కథ. నేటికీ సుమారు 3,000 ఫలజ్ లలో నీరు పారుతున్నది. వాటిలో ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. నిజ్వా దగ్గరి ఫలజ్ దారిస్ అందులో ఒకటి.

తవ్విన నేర్పు కన్నా పంచిన తీరు గొప్పది. ఊరికి చేరిన నీరు మొదట అందరూ తాగే చోటికి వస్తుంది. తరువాత మస్జిదులో వుజూకు, ఆపైన స్నానఘట్టాలకు, చివరకు తోటలకు పోతుంది. తోటల నీటికి వాటాదారులుంటారు. తాగే నీటికి ఉండరు. మన ఫిఖ్హ్ గ్రంథాలలో కూడా ఈ తేడా స్పష్టంగా ఉన్నది. పొలం పారించుకునే హక్కును 'షిర్బ్' అన్నారు. దాహం తీర్చుకునే హక్కును 'హఖ్ఖుష్షఫా', అనగా 'పెదవి హక్కు' అన్నారు. మొదటిది వాటాదారునిది. రెండవది బాటసారిది, పశువుది కూడా.

తోటల వాటాలను కాలంతో కొలుస్తారు. అర్ధగంట నీటిని ఒక 'అసర్' అంటారు. పగలు పాతిన కర్ర నీడను చూసి, రాత్రి నక్షత్రాల ఉదయాన్ని చూసి వంతులు మార్చేవారు. గడియారాలు వచ్చాక ఆ విద్య చాలా ఊళ్ళలో మరుగున పడింది. లెక్కలు చూసేవాడు 'వకీల్', నీరు మళ్ళించేవాడు 'అరీఫ్'. కొన్ని వాటాలు మస్జిదుకు వక్ఫ్ గా ఉంటాయి. మరికొన్ని వాటాలను వేలం వేసి, ఆ సొమ్ముతో ఫలజ్ మరమ్మతు చేస్తారు.

ఈ సంగతులు చదువుతుంటే మన పెద్దలకు చెరువు కింది సేద్యం గుర్తుకు రాకపోదు. మనకూ నీరటి ఉండేవాడు. తూము తీసేది, మూసేది అతడే. చెరువు నిండని ఏడు 'తైబందీ' చేసి, ఎంత భూమికి నీరు పారాలో ముందే నిర్ణయించేవారు. ఒమాన్ లోనూ అంతే. కరువు ఏడు ఖర్జూర చెట్లను కాపాడుకొని, పైరు వేసే భూమిని తగ్గించుకుంటారు. మంజీరాపై 1923 నుండి 1931 వరకు కట్టిన నిజాంసాగర్ ను చూసి గర్వించే మనం, అంతకు ముందునుండీ ఊరూరా నడిచిన ఈ చిన్న కట్టుబాట్లను మరచిపోయాము.

ఫలజ్ ఊటకు 'హరీమ్' అనే రక్షిత పరిధి ఉన్నది. ఆ దూరం లోపల ఇంకొకరు బావి తవ్వరాదు. మన దగ్గర బోర్లు వచ్చాక ఎవరి నీరు వారిదే అయింది. పక్కవాడు 300 అడుగులు వేస్తే మనం 500 అడుగులు వేశాము. అప్పు చేసి బోరు వేయటం, అది ఎండిపోవటం, ఆ అప్పు తీర్చటానికి విమానం ఎక్కటం - ఈ మూడు మెట్లు మన జిల్లాలో ఎన్ని ఇళ్ళకు తెలుసో ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. ఒమాన్ కూడా ఈ తప్పుకు అతీతం కాదు. మోటార్లు పెరిగిన తరువాత బాతినా తీరంలో భూగర్భ జలం తగ్గి, సముద్రపు ఉప్పునీరు తోటల కిందికి చొచ్చుకువచ్చింది.

మన వానే అక్కడి ఖరీఫ్

ఎడారి దేశంలో జల్లులు కురిసి, పచ్చగడ్డి మొలిచి, కొబ్బరి, అరటి తోటలు పెరుగుతాయంటే నమ్మలేము. ఒమాన్ దక్షిణాన జుఫార్ ప్రాంతంలో, సలాలా పట్టణం చుట్టూ, జూన్ చివరి నుండి సెప్టెంబరు వరకు మంచుతెరలు కమ్ముకొని సన్నని జల్లు పడుతుంది. మనకు మృగశిర కార్తెలో వానలు తెచ్చే నైరుతి గాలులే అక్కడి కొండలను కూడా తడుపుతాయి. ఆ రుతువును వారు 'ఖరీఫ్' అంటారు. మన రెవెన్యూ కాగితాలలోని 'ఖరీఫ్' పంట పేరు ఈ అరబ్బీ పదమే.

ఆ కొండల ఆవలి పొడి నేలలో లుబాన్ చెట్లు పెరుగుతాయి. బెరడు గీరితే పాలవంటి బంక కారి గడ్డకడుతుంది. మన ఇళ్ళలో, దర్గాలలో వేసే 'లోబాన్' పేరు దీని నుండే వచ్చింది. అయితే మన బజారులో లోబాన్ పేరుతో దొరికేది చాలావరకు తూర్పు దీవుల వేరే చెట్టు బంక. దానిని అరబ్బులు 'లుబాన్ జావీ', అనగా జావా లుబాన్ అన్నారు. 14వ శతాబ్దంలో జుఫార్ ను చూసిన ఇబ్నె బతూతా, అక్కడ తమలపాకు తీగలు, కొబ్బరి చెట్లు ఉన్నాయనీ, హిందూదేశం నుండి బియ్యం వస్తాయనీ, అక్కడి నుండి గుర్రాలు హిందూదేశానికి పోతాయనీ వ్రాశాడు.

సముద్రంపై ఏలుబడి

పోర్చుగీసువారు 1507లో మస్కట్ ను ఆక్రమించారు. 1650లో ఒమానీలు వారిని వెళ్ళగొట్టారు. అంతటితో ఆగక తూర్పు ఆఫ్రికా తీరం దాకా వెళ్ళి, 1698లో మొంబాసా కోటను కూడా పట్టుకున్నారు. 19వ శతాబ్దంలో సయ్యిద్ సయీద్ తన ఆస్థానాన్ని జంజిబార్ దీవికి మార్చాడు. ఆయన పంపిన 'సుల్తానా' అనే ఓడ 1840లో న్యూయార్క్ చేరింది. ఆ ఓడను కట్టింది మన బొంబాయిలో. ఆయన మరణానంతరం కుమారుల మధ్య తగాదా రాగా, 1861లో రాజ్యాన్ని రెండుగా విడదీస్తూ తీర్పు చెప్పినవాడు హిందూదేశపు వైస్రాయి కానింగ్. నేడు పాకిస్తాన్ లో ఉన్న గ్వాదర్ రేవు 1958 వరకు ఒమాన్ దే. జంజిబార్ లవంగ తోటల వైభవం వెనుక ఆఫ్రికా బానిసల చెమట ఉన్నదన్న సత్యాన్ని మాత్రం దాచకూడదు. ముస్లింల చరిత్రలో మెచ్చుకోదగినదాన్ని మెచ్చుకోవాలి, తప్పును తప్పు అనాలి.

పైసా బైసా అయిన కథ

అక్కడ పనిచేసి వచ్చినవారికి 'బైసా' తెలుసు. 1,000 బైసాలు ఒక రియాల్. ఈ బైసా మన పైసాయే. అరబ్బీలో 'ప' అక్షరం లేదు గనుక 'బ' అయింది. ఒకప్పుడు గల్ఫ్ తీరమంతా మన రూపాయి చెల్లేది. 1959లో మన రిజర్వు బ్యాంకు ఆ ప్రాంతాల కోసం ప్రత్యేకంగా 'గల్ఫ్ రూపాయలు' ముద్రించింది. ఒమాన్ లో 1970 వరకు అవి చెలామణిలో ఉన్నాయి.

అంతకన్నా ఆశ్చర్యకరమైన సంగతి ఇంకొకటి ఉన్నది. 1967లో చమురు ఎగుమతి మొదలైంది. 1970లో సుల్తాన్ ఖాబూస్ పాలనకు వచ్చాడు. అప్పటికి దేశంలో ఉన్నవి మూడు బడులు, సుమారు 10 కిలోమీటర్ల తారు రోడ్డు. రాత్రి కాగానే మస్కట్ నగర ద్వారాలు మూసేవారు. ఆ రోజులలో ఒమానీ యువకులు పని కోసం కువైత్, బహ్రైన్, సౌదీ అరేబియాలకు వలస పోయేవారు. నేడు మనవారికి పని ఇస్తున్న కఫీళ్ళలో ఎందరి తండ్రులు పరాయి దేశంలో కూలి చేసి, ఇంటికి డబ్బు పంపినవారో!

కూలివాని చెమట ఆరకముందే కూలి ఇచ్చివేయాలన్న దైవప్రవక్త (స) ఆదేశం ఆ దేశంలోని ప్రతి యజమానికీ తెలిసినదే. తండ్రుల వలసను జ్ఞాపకం ఉంచుకున్న యజమాని ఆ ఆదేశాన్ని సులువుగా పాటిస్తాడు. మరచినవాడు పాస్ పోర్టు లాక్కొని, జీతం ఆపుతాడు.

అక్కడ ఉన్న సోదరులకు ఒక మనవి. ఒక సెలవు రోజున వీలు చేసుకొని నిజ్వా వెళ్ళి, ఫలజ్ దారిస్ ఒడ్డున కూర్చోండి. వాటాలు ఎలా వేస్తారో ఒక ముసలి ఒమానీని అడగండి. ఇంటికి ఫోన్ చేసినప్పుడు జీతం సంగతులతో పాటు ఆ సంగతి కూడా చెప్పండి. మనవారు అక్కడి నుండి రియాళ్ళు తెస్తున్నారు, బంగారం తెస్తున్నారు. నీటిని న్యాయంగా పంచుకునే ఆ కట్టుబాటును కూడా తేగలిగితే, మన ఊళ్ళలో విమానం ఎక్కవలసిన వారి సంఖ్య కొంతైనా తగ్గుతుంది, ఇన్షా అల్లాహ్.