రెండు ప్రతులను సరిపోల్చుట

పుల్లలచెరువులో మేము పాఠములు చూపుటకు వాడు రాస్‌బెర్రీ పై యను చిన్న యంత్రము లినక్స్‌తో నడచును. దాని ఫైళ్లన్నియు మెమొరీ కార్డులో నుండును. ఒకనాడు పెన్‌డ్రైవ్‌లోని పాఠములకు కార్డుపై ప్రతి తీసి, వెంటనే ‘సీఎంపీ’ యను ఆజ్ఞతో రెండింటిని సరిపోల్చితిమి. తేడా లేదని క్షణములో తేలెను. ఇక పెన్‌డ్రైవ్‌ను తుడిచివేయ నుంటిమి. మరునాడు యంత్రమును నడిపి యదే పరీక్ష చేయగా మిక్కిలి యాలస్యమయ్యెను. కార్డు చెడెనేమో యని విద్యార్థులు కలవరపడిరి.

కార్డు చెడలేదు. లినక్స్, తాను చదివిన దానిని, వ్రాసిన దానిని, చోటున్నంతవరకు ర్యామ్‌లో నిలుపుకొనును. మరల నడిగినచో నందుండియే యిచ్చును. యంత్రము నాపినచో ర్యామ్ శూన్యమగును గనుక మరునాడు సర్వమును కార్డునుండియు పెన్‌డ్రైవ్‌నుండియు చదువవలసివచ్చెను. మరియు సీఎంపీ మొదటి తేడా కడనే యాగును. సమానమైన ఫైళ్లనైతే కడవరకు చదువును.

కాబట్టి మొదటినాటి పరీక్ష కార్డును పరీక్షింపనే లేదు. పుస్తకము చూడక జ్ఞాపకమునుండి పాఠ మప్పజెప్పు బాలునికి, పుస్తకమున పుట చినిగినను తెలియదు గదా! విద్యార్థులారా, మూలప్రతిని తుడుచుటకు ముందు యంత్రమును క్రమముగా నాపి, మరల నడిపి, పిమ్మట సరిపోల్చుడు. ఆలస్యమైనను నమ్మదగిన సాక్ష్యము అదియే.