గుత్తి సత్రానికి మన్రో పేరెందుకు?

ఇంగ్లండులో పబ్బుల గుమ్మాల మీద సేనానుల బొమ్మలు వేలాడుతుంటాయి. నెల్సన్, వెల్లింగ్టన్ సరేసరి, వాళ్లకు ముందే మార్క్విస్ ఆఫ్ గ్రాన్బీ ఉన్నాడు. 1760లో వార్బర్గ్ యుద్ధంలో ఆశ్వికదళాన్ని నడిపిన ఈయన, కొలువు వదిలిన తన సైనికులు పబ్బులు పెట్టుకోవడానికి డబ్బిచ్చాడని, వాళ్లు ఆ పబ్బులకు ఆయన పేరే పెట్టుకున్నారని చెబుతారు. 1770లో అప్పులతోనే పోయాడు. చదువురాని బాటసారికి గోడ మీది అక్షరాల కన్నా బొమ్మే గుర్తు కాబట్టి గుమ్మం మీది బొమ్మల ఆనవాయితీ నిలిచింది.

అనంతపురం సీమలో దారిన పోయేవాడికి ముందు కావలసింది నీళ్లు, ఆ తర్వాత నీడ. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసిపోతాయి, ఈశాన్య వానలు సముద్రతీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడతాయి. అందుకే జిల్లాలో ఏడాది వాన సుమారు 550 మిల్లీమీటర్లే. ఇలాంటి చోట సేనాని జ్ఞాపకం మద్యశాలగా కాక సత్రంగా, బావిగా, తోపుగా నిలిచింది. ఆ సేనాని సర్ థామస్ మన్రో.

మన్రో 1780లో సైనికుడిగానే మద్రాసు చేరాడు. హైదర్, టిప్పులతో యుద్ధాల్లో పోరాడాడు. 1799లో శ్రీరంగపట్నం పడ్డాక మైసూరు వ్యవహారాలు తేల్చిన కమిషన్‌కు ఆయన ఒక కార్యదర్శి. అందులో సభ్యుడు ఆర్థర్ వెల్లెస్లీ, తర్వాతి రోజుల వెల్లింగ్టన్ ప్రభువు. ఇద్దరూ మిత్రులు. ఒకరి పేరు ఇంగ్లండు పబ్బుల మీదికి, మరొకరి పేరు గుత్తి సత్రం మీదికి ఎక్కాయి.

1800లో నిజాం, అనంతపురం సీమ కూడా ఉన్న దత్తమండలాలను ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేశాక మన్రో 1807 దాకా అనంతపురం కేంద్రంగా కలెక్టరుగా చేశాడు. పాళెగాళ్లను అణచాడు, పొలం పొలం కొలిపించి రైతువారీ శిస్తు కట్టాడు. ఆ శిస్తు బరువే. దాన్ని దాచి ఆయన్ను పొగడటం సరికాదు. అయితే అది ఎక్కువైందని గుర్తించిందీ ఆయనే. నాలుగోవంతు తగ్గించాలని 1807లో రాస్తే పైవాళ్లు ఒప్పుకోలేదు. 1820లో గవర్నరయ్యాక తానే తగ్గించాడు. మరాఠా యుద్ధం తర్వాత నైట్ బిరుదూ, 1825లో బారనెట్ హోదా దక్కాయి. రైతుకు ఆ హోదాల కన్నా ఈ తగ్గింపే పెద్దదని నా నమ్మకం.

పదవి విడిచే ముందు పాత మండలాలను చూడాలని బయల్దేరి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. గుత్తిలో ఖననం చేశారు. 1831లో అస్థికలను మద్రాసు సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. ప్రభుత్వం ఆయన స్మారకంగా గుత్తిలో సత్రం కట్టించింది, పత్తికొండలో తోపు వేయించి రాతిమెట్ల బావి తవ్వించింది.

గ్రాన్బీ పేరు పబ్బు నడిపినవాళ్లే పెట్టుకున్నది, గుత్తి సత్రం ప్రభుత్వం కట్టించింది. అలాగని ఇక్కడి జనం ఊరుకోలేదు. ఎవరి ఆజ్ఞా లేకుండానే పిల్లలకు మన్రోలప్ప, మన్రోలమ్మ అని పేర్లు పెట్టుకున్నారు.