చిన్న కారు – నిండు స్టెప్నీ

చిన్నకారు డిక్కీలో సగము చోటాక్రమించు పూర్తికొలత స్టెప్నీ, పండుగకు ఊరికి బయలుదేరు కుటుంబమునకు వృథాభారముగా తోచుట సహజమే. కాని దానికి మారుగా కొన్ని కార్లతో వచ్చు సన్నని తాత్కాలికచక్రముపై గంటకు 80 కిలోమీటర్లు మించరాదని ముద్రించియుండుటయు, దానిలో సాధారణముగా 60 పీయస్సై గాలి నింపవలసియుండుటయు గమనించినవారు ఆ భారమును అంతగా విసుగుకొనరు.

వ్యాసము తగ్గిన ఆ చక్రమును, ముందుచక్రములచే నడచు కారునకు ముందే బిగించినచో, ఇరుప్రక్కల చక్రములు వేర్వేరు వేగములతో తిరుగుటచే, డిఫరెన్షియల్ పళ్లు తిన్నని రోడ్డుమీద సైతము విరామములేక శ్రమించును. కావున ముందుటైరు పంక్చరైనపుడు, జాకీ రెండుమార్లు ఎత్తవలసివచ్చినను, వెనుకనున్న మంచిచక్రమును ముందునకు తెచ్చి, సన్ననిదానిని వెనుక తొడుగుటయే మేలు. నడివేసవి మధ్యాహ్నమున ఈ పని యెంత వినోదకరమో వేరుగ చెప్పనేల!

2020 జూలైలో కేంద్రప్రభుత్వము మోటారువాహన నియమములను సవరించి, ట్యూబులెస్ టైర్లు, గాలిపీడనమును కనిపెట్టు పరికరము, మరమ్మతుసామగ్రి గల కార్లకు స్టెప్నీ అక్కరలేదనెను. మేకు గ్రుచ్చిన రంధ్రమునకు ఆ సామగ్రి చాలును. గుంతయంచు తగిలి ప్రక్కగోడ చీలిన టైరునకు అది యేమి చేయగలదు? పూర్తిచక్రము కొనదలచువారు ముందుగా డిక్కీ అడుగున గల పల్లమును టేపుతో కొలుచుకొనవలెను. పైపలక రెండంగుళములు లేచినను, నా మట్టుకు నాకు అభ్యంతరములేదు.