తండ్రి అప్పు: చట్టము, మతము, నీతి

తెలుగున ‘ధర్మము’ అను మాట మోయు బరువు కొంచెము కాదు. న్యాయాధిపతి కూర్చుండునది ధర్మాసనము. దేవాలయపు ఆస్తిని కాపాడువాడు ధర్మకర్త. ఊరక మందిచ్చునది ధర్మాసుపత్రి. వాకిట నిలిచిన బిచ్చగాడు కోరునదియు ధర్మమే. చట్టము, మతము, దయ ఒకే మాటలో ఒదిగియుండుటచే అవి మూడును ఒకటే యను భ్రమ మనకు సులభముగా కలుగుచున్నది. అవి ఎచ్చట విడివడునో తెలిసికొనుటకు తండ్రి చేసిన అప్పు నొక్కదానిని పరిశీలించిన చాలును.

కడంబత్తూరు ప్రాంతమున ఒక రైతు కలడనుకొందము. అతడు పొరుగింటి ముసలమ్మయొద్ద నోటు వ్రాసి పదివేల రూపాయలు తీసికొని, తీర్చకయే కన్నుమూసెను. నాలుగేండ్లు గడచెను. ముసలమ్మ కొడుకు వాకిటికి వచ్చి అడిగినది. అతడు ఈయవలెనా?

ధర్మశాస్త్రముల సమాధానము స్పష్టము. మనుస్మృతి వ్యవహారపదములను పదునెనిమిదిగా విభజించి, అందు మొదటి స్థానమును ఋణాదానమునకే యిచ్చినది. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షర, తండ్రి ఋణమును కొడుకు తీర్చవలెననియు, మనుమడు వడ్డీ లేక అసలు మాత్రము తీర్చవలెననియు చెప్పుచున్నది. ఈ మితాక్షరను పదుమూడవ శతాబ్దముననే కేతన తెనుగు పద్యములలోనికి తెచ్చెను గనుక, ఈ విచారము మనవారికి క్రొత్తది కాదు. అయితే ఒకటి గమనింపవలెను. ఇందలి ప్రధానచింత అప్పిచ్చినవారి నష్టమును గూర్చినది కాదు. ఋణముతో పోయిన తండ్రి పరలోకగతిని గూర్చినది. త్రాగుడుకు, జూదమునకు చేసిన అప్పును కొడుకు తీర్చనక్కరలేదని శాస్త్రమే మినహాయింపు నిచ్చినది.

చట్టము త్రోవ వేరు. ఆంగ్లేయుల కాలపు న్యాయస్థానములు కొడుకుయొక్క ఈ మతధర్మమును అంగీకరించి, ఉమ్మడి ఆస్తి మేరకు అమలు జరిపినవి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టమునకు 2005లో జరిగిన సవరణ ఈ పద్ధతిని మార్చినది. ఆ యేడు సెప్టెంబరు 9 తరువాత చేసిన అప్పులకు, కేవలము ఈ మతధర్మము నాధారముగా కొడుకుపై దావా చెల్లదు. తండ్రినుండి సంక్రమించిన ఆస్తి మేరకు బాధ్యత కలదు గాని, దానికిని గడువున్నది. 1963 నాటి కాలపరిమితి చట్టము ననుసరించి ఇట్టి నోటుపై దావా మూడేండ్ల లోపల వేయవలెను. ఇది నిర్దయ కాదు. ఏండ్లు గడచినకొలది సాక్షులు పోవుదురు, కాగితములు చినుగును. పైగా గడువు దాటినచో పోవునది దావా వేయు హక్కే. అప్పు రద్దగుట లేదు.

మరి నీతి యేమనును? ఆ తండ్రి సొమ్మును సారాయికే తగులబెట్టెననుకొందము. గడువు దాటినదని చట్టము కొడుకును విడిచిపెట్టినది. త్రాగుడప్పని శాస్త్రమును విడిచిపెట్టినది. అయినను, ఎందుకిచ్చుచున్నదో తెలియక మందులకు దాచుకొన్న సొమ్ము నిచ్చిన ముసలమ్మ ఎదుట నిలిచియేయున్నది. ఆమెను వట్టిచేతులతో పంపునప్పుడు కొడుకు తల యేల వంగునో చట్టముగాని శాస్త్రముగాని చెప్పజాలవు.

దీనికి ఎదురైన దృశ్యమును కలదు. వడ్డీకి వడ్డీ పెరిగి అసలునకు ఎన్నో రెట్లైనను, నోటున్నది గనుక చట్టము వసూలు చేయించెడి కాలమొకటుండెను. చట్టము సమ్మతించిన ఆ వసూలును జనుల మనస్సు సమ్మతింపలేదు. 1938లో రాజగోపాలాచారి మంత్రివర్గము తెచ్చిన మద్రాసు వ్యవసాయదారుల ఋణవిముక్తి చట్టము, 1932 అక్టోబరు 1కి పూర్వపు వ్యవసాయదారుల అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచియున్న వడ్డీని కొట్టివేసినది. నాడు చెంగల్పట్టు జిల్లాలోనుండిన కడంబత్తూరునకును, నాడు చిత్తూరు జిల్లాలోనుండి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రమున చేరిన తిరుత్తణికిని వర్తించినది ఆ యొక్క చట్టమే. ఇచ్చట నీతి ముందు నడచినది. చట్టము వెనుక వచ్చినది.

మతమును సైతము నీతి ప్రశ్నించుట కలదు. 1888లో తిరుత్తణిలో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్, ఎం.ఏ. పట్టమునకై వ్రాసి 1908లో ప్రకటించిన వ్యాసము వేదాంతమున నీతికి గల స్థానమును గూర్చినది. జగత్తు మిథ్యయైనచో మంచిచెడ్డలకు తావెక్కడిదను ఆక్షేపణకు ఆయన సమాధానము చెప్పబూనెను. సమాధానము మాట యటుండ, వేదాంతము ఆ ప్రశ్నకు బదులు చెప్పవలసినదేయని ఇరుపక్షములును ఒప్పుకొన్నవి గదా! అనగా మతమును కొలుచుటకు మతము వెలుపల నొక కొలబద్ద యున్నదన్నమాట.

మూడును ఒకచోట కలియు సందు లేకపోలేదు. గడువు దాటిన అప్పును తీర్చెదనని ఋణస్థుడు వ్రాసి సంతకము చేసినచో ఆ మాట చెల్లునని 1872 నాటి కాంట్రాక్టు చట్టము చెప్పుచున్నది. వ్రాతలేకయే తనంత తాను సొమ్ము చెల్లించినచో, గడువు దాటిన అప్పని చెప్పి తిరిగి రాబట్టుకొనుటకును వీలులేదు. కనుక ఆ కొడుకు పదివేలు తెచ్చి ముసలమ్మ చేతిలో పెట్టినచో చట్టము అడ్డు రాదు. తండ్రి పరలోకమునకు వెరచి యిచ్చెనా, ఊరివారి మాటకు వెరచి యిచ్చెనా, ఆమె ముఖము చూచి యిచ్చెనా యని యే న్యాయస్థానమును అతని నడుగదు.