చిన్నవాళ్లు ముందు మాట్లాడే న్యాయసభ

తెలుగు బైబిలులో ‘మహాసభ’ అని కనబడేది యూదుల ప్రాచీన ఉన్నత న్యాయస్థానం, సన్‌హెడ్రిన్. కలిసి కూర్చోవడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి ఆ పేరు వచ్చింది. యెరూషలేము దేవాలయంలో 71 మందితో పెద్ద సభ, ఊళ్లలో 23 మందితో చిన్న సభలు ఉండేవని సుమారు క్రీ.శ. 200లో కూర్చిన ‘మిష్నా’ అనే ధర్మగ్రంథం చెబుతుంది. సభ్యులు సగం కళ్లంలా అర్ధవృత్తంగా కూర్చోవాలి. ఒకరి ముఖం ఒకరికి కనబడాలి గదా!

మరణశిక్ష పడే కేసైతే జాగ్రత్త ఇంకా ఎక్కువ. ముందు చిన్నవాళ్లే అభిప్రాయం చెప్పాలి. పెద్దలు తేల్చేశాక వాళ్లకి ఎదురు చెప్పడానికి ఎవరికైనా నోరు వస్తుందా? విడిచిపెట్టడానికి ఒక్క ఓటు ఎక్కువైతే చాలు, శిక్షకు మాత్రం రెండు ఎక్కువ కావాలి. నిర్దోషి అని అదే రోజు చెప్పొచ్చు. దోషి అని చెప్పాలంటే మర్నాటిదాకా ఆగాల్సిందే.

క్రీ.శ. 70లో రోమన్లు దేవాలయాన్ని కూల్చేశాక సభ యవ్నెకు, తర్వాత గలిలయ ఊళ్లకు, చివరికి తిబెరియకు తరలింది. అయిదో శతాబ్దంలో దాని అధిపతి పదవి కూడా అంతమైంది.

ఈ నియమాలు ఎంతవరకు అమలయ్యాయన్నదానిపై చరిత్రకారుల్లో భేదాభిప్రాయాలున్నాయి. కానీ రాసినవాళ్లు ఒక సంగతి గ్రహించారు. పెద్దల ఎదుట చిన్నవాళ్లు జంకుతారు. ఆ జంకుకి ఒక మనిషి ప్రాణం బలి కాకూడదు.